జనగామ నుంచి భూపాలపల్లి దాకా వాన నడక

భూగోళ పాఠాల్లో ఏడాది పొడవునా తడిగా ఉండే ఉష్ణమండల నగరానికి ఉదాహరణగా తరచూ సింగపూర్ పేరు వస్తుంది. అక్కడ ఏటా సగటున రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వర్షం కురుస్తుంది, అన్ని నెలల్లోకీ పొడిగా ఉండే ఫిబ్రవరిలో కూడా వంద మిల్లీమీటర్ల దాకా పడుతుంది. ఏ నెలలోనూ వాన 60 మిల్లీమీటర్లకు తగ్గని చోటును వాతావరణ వర్గీకరణలో ‘ఉష్ణమండల వర్షారణ్య’ శీతోష్ణస్థితి అంటారు. అదే ఉష్ణమండలంలో, తెలంగాణలో ఉన్న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలను ఈ కొలతతో చూస్తే, జూన్ నుంచి అక్టోబరు దాకా ఐదు నెలలు మాత్రమే ఆ గీత దాటుతాయి, మిగిలిన ఏడు నెలలూ దానికి బాగా దిగువనే ఉండిపోతాయి. అందువల్ల ఈ ప్రాంతంలో ఏటా ఎంత వాన పడుతుందన్న ప్రశ్న కంటే ఆ వాన ఎప్పుడు, ఎన్ని రోజుల్లో, ఎక్కడ పడుతుందన్న ప్రశ్నే పంటను, రోడ్డును, ప్రాణాన్ని ఎక్కువగా శాసిస్తుంది. వార్షిక సగటు అనే ఒక్క అంకె ఈ మూడు జిల్లాల విషయంలో చెప్పేదానికంటే దాచేదే ఎక్కువ.

ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక చదరపు మీటరు నేల మీద పడిన ఒక లీటరు నీరు. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు పడితే సుమారు నాలుగు వేల లీటర్లు చేరినట్టు లెక్క. వాతావరణ శాఖ ఒక రోజు ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర వరకు పడిన దాన్ని ఒక రోజు వర్షంగా లెక్కిస్తుంది, కనీసం రెండున్నర మిల్లీమీటర్లు నమోదైతేనే దానిని ‘వాన పడిన రోజు’ అంటుంది. ఒక్క రోజులో 64.5 మిల్లీమీటర్లకు చేరితే భారీ వర్షం, 115.6కు చేరితే అతి భారీ వర్షం, 204.5కు చేరితే అత్యంత భారీ వర్షం. వార్తల్లో రోజూ వినబడే ఈ మాటలు వర్ణన కోసం వాడేవి కావు, ఒక్కొక్కటీ ఒక్కొక్క కొలతకు కట్టుబడినది. తెలంగాణలో ఇప్పుడు దాదాపు ప్రతి మండలంలోనూ తనంతట తానే వానను కొలిచి సమాచారం పంపే స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు ఉన్నాయి గనుక, ఒకప్పుడు తాలూకా కచేరీలోని వానమాపకం ఒక్కటే చెప్పిన సంగతి ఇప్పుడు ఊళ్ల స్థాయికి దిగివచ్చింది. పక్కపక్క మండలాల మధ్య వాన ఎంత తేడాగా పడుతుందో ఈ కేంద్రాలు వచ్చాకే కాగితం మీదికి ఎక్కింది.

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా విడిపోయినప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. భూపాలపల్లి నుంచి 2019లో ములుగు మళ్లీ వేరైంది. ఒకే జిల్లాగా ఉన్నంత కాలం ‘వరంగల్ జిల్లా సగటు’ అనే ఒకే లెక్క కింద కలిసిపోయిన నేల నిజానికి ఒకే రకమైనది కాదు. రాష్ట్ర సాధారణ వర్షపాతం ఏటా 900 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉండగా, జనగామ దానికి దిగువన, మహబూబాబాద్ దానికి కొంత ఎగువన ఉంటాయి, గోదావరి ఒడ్డున ఉన్న భూపాలపల్లి వెయ్యి దాటుతుంది. జనగామ నుంచి భూపాలపల్లికి ఉన్నది సుమారు వంద కిలోమీటర్లే అయినా, ఈ దూరంలో చెలక నేల మెట్టపంటల సీమ అడవి సీమగా మారిపోతుంది.

ఈ తేడాకు రెండు దిక్కుల నుంచి కారణాలున్నాయి. నైరుతి గాలులు అరేబియా సముద్రం మీదుగా తేమను మోసుకొచ్చి పడమటి కనుమలను ఢీకొని అక్కడే చాలావరకు కురిసేస్తాయి. కనుమలు దాటి తూర్పుకు దిగే గాలిలో తేమ తరిగిపోతుంది గనుక దక్కన్ పీఠభూమి నడిమి భాగం ‘వర్షచ్ఛాయ’లో, అంటే కొండల చాటున వాన అందని ప్రాంతంలో పడుతుంది. జనగామ ఆ ఛాయ అంచున ఉంది. ఇక రెండో దిక్కు బంగాళాఖాతం. జూలై, ఆగస్టు నెలల్లో ఒడిశా, ఉత్తరాంధ్ర తీరాల దగ్గర సముద్రం మీద ఏర్పడే అల్పపీడనాలు, అంటే చుట్టుపక్కల కంటే గాలి ఒత్తిడి తగ్గి తేమగాలులను తమవైపు లాక్కునే సుడులు, పడమర-వాయవ్య దిశగా ఛత్తీస్‌గఢ్ మీదికి నడుస్తాయి. అలాంటి సుడికి నైరుతి భాగాన వాన ఎక్కువగా కురవడం రుతుపవన కాలపు స్వభావం, సుడి ఛత్తీస్‌గఢ్ మీద ఉన్నప్పుడు ఆ నైరుతి భాగం కిందకు వచ్చేది సరిగ్గా గోదావరి లోయలోని భూపాలపల్లి, ములుగు ప్రాంతాలే. కనుక భూపాలపల్లి వాన చాలావరకు తూర్పు సముద్రం పంపిన వాన. ఆ సుడులు కిందికి దిగి రాని ఏడు జనగామకు మేఘాలు కనబడతాయే తప్ప చెరువు నిండేంత నీరు రాదు.

వానాకాలపు లెక్క ఊళ్లలో కార్తెలతో నడుస్తుంది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల కాలమే కార్తె. మే చివరి వారంలో మొదలయ్యే రోహిణిలో రోళ్లు పగిలే ఎండలు కాస్తాయి, జూన్ 7, 8 తేదీల్లో వచ్చే మృగశిరకు, తెలంగాణ పల్లెల మాటలో మిరుగుకు, తొలకరి పలకరిస్తుందని రైతు నమ్మకం. సాధారణంగా జూన్ 1న కేరళను తాకే రుతుపవనాలు తెలంగాణకు చేరడానికి వారం పైన పడుతుంది గనుక, ఈ నమ్మకానికీ వాతావరణ శాఖ పట్టికకూ పొంతన బాగానే కుదురుతుంది. చిక్కు వచ్చేది ఆ తర్వాతే. మిరుగు వాన రెండు రోజులు పడగానే పత్తి గింజ పెట్టిన రైతు ఆ పైన పదిహేను రోజులు మొగులు వైపు చూస్తూ కూర్చోవలసి రావడం జనగామ మెట్టల్లో కొత్త కాదు. ఎర్రటి చెలక నేల నీటిని తొందరగా పీల్చుకుని అంతే తొందరగా వదిలేస్తుంది, పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు, మొలకెత్తిన గింజ మాడిపోతే మళ్లీ విత్తనాల పొట్లం కొనాలి. నేల లోపలికంటా తడిసేలా 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన కూడిన తర్వాతే పత్తి విత్తుకోవాలని వ్యవసాయాధికారులు ఏటా చెప్పేది ఇందుకే. ఆ సలహా సరైనదే. అయినా పొరుగు చేలో విత్తనం పడ్డాక ఆగడం ఎంత కష్టమో, ఆలస్యమైతే చివర్లో పంట ఎండకు దొరుకుతుందన్న భయం ఎంత బలమైనదో కూడా ఆ సలహాతో పాటు గుర్తించాలి.

జూలై, ఆగస్టు నెలలు సంవత్సరంలో ఎక్కువ వానను మోస్తాయి. పునర్వసు, పుష్యమి, ఆశ్లేష కార్తెలు ముసురు పట్టే రోజులు. నైరుతి కాలపు నాలుగు నెలల్లోనే ఏడాది వానలో దాదాపు ఐదింట నాలుగు వంతులు పడతాయి. కానీ ఈ నాలుగు నెలలూ ఒకే ధారగా సాగవు. ఉత్తర భారతం మీదుగా బంగాళాఖాతం వరకు పరచుకుని ఉండే అల్పపీడన రేఖను రుతుపవన ద్రోణి అంటారు. అది తన స్థానంలో గానీ దానికి దక్షిణాన గానీ ఉన్నంత కాలం మధ్య భారతానికి, తెలంగాణకు వాన ఉంటుంది, అది హిమాలయాల పాదాల దగ్గరికి జరిగిపోతే అక్కడ వరదలు, ఇక్కడ ఎండలు. ఈ స్థితికి రుతుపవన విరామం అని పేరు. మఖ, పుబ్బ కార్తెల్లో, అంటే ఆగస్టు నడిమి నుంచి సెప్టెంబరు తొలి భాగం వరకు వరపు వస్తే కరువే అన్న పాత సామెత వెనుక ఉన్నది ఈ విరామమే, ఎందుకంటే పత్తి పూత, గూడ పట్టేదీ, వరి దుబ్బు కట్టేదీ ఆ రోజుల్లోనే.

ముంచెత్తే వాన, వాన విరామం అనే ఈ రెండు స్వభావాలూ ఒకే ఏడు, ఒకదాని వెంట ఒకటిగా కనబడిన సంవత్సరం 2023. ఆ ఏడు జూన్‌లో రుతుపవనాలు ఆలస్యంగా వచ్చాయి. తర్వాత జూలై 26, 27 తేదీల్లో, వాయవ్యంగా నడిచిన ఒక సుడి ప్రభావంతో, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఒక్క రోజులో 616.5 మిల్లీమీటర్ల వాన పడింది. అదే రోజు పొరుగున ఉన్న ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది, రాష్ట్రంలో ఒక్క రోజు వర్షానికి అదే రికార్డు అయింది. అంతకు ముందరి రికార్డు కూడా ఈ గోదావరి లోయదే: 2013 జూలై 19న వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్లు. చిట్యాల అంకెను దగ్గరగా చూస్తే దాని బరువు తెలుస్తుంది. ఎకరానికి దాదాపు 25 లక్షల లీటర్ల నీరు ఒక పగలు, ఒక రాత్రిలో పడింది. జనగామ జిల్లాలో నాలుగు నెలల వానాకాలం అంతా కలిపి మామూలుగా కురిసే దానికి ఇది పెద్ద దూరంలో లేదు. ఏ నేలా అంత నీటిని అంత వ్యవధిలో తాగలేదు. మోరంచవాగు తెల్లవారేసరికి మోరంచపల్లిని ముంచేసింది, ఊరి జనం మేడల మీదికీ చెట్ల మీదికీ ఎక్కి సాయం కోసం ఎదురుచూశారు, సైనిక హెలికాప్టర్లు, పడవలు వచ్చి వారిని బయటికి చేర్చాయి, కొందరు మాత్రం వరదలో కొట్టుకుపోయారు. అదే వాన ములుగులో జంపన్నవాగు ఒడ్డునున్న కొండాయిలోనూ ప్రాణాలు తీసింది.

వారం తిరక్కుండా వాన మొహం చాటేసింది. ఎల్ నినో, అంటే పసిఫిక్ మహాసముద్రపు తూర్పు, మధ్య భాగాల్లో నీరు మామూలు కంటే వేడెక్కే స్థితి, బలపడుతున్న ఆ ఏడు ఆగస్టు దేశం మొత్తం మీద 1901 నుంచి ఉన్న లెక్కల్లోనే అతి పొడి ఆగస్టుగా మిగిలింది. జూలైలో ఇసుక మేటలు వేసిన చేలలో ఆగస్టులో ఆకు వాడింది. అలాంటి ఏడాది సీజన్ మొత్తాన్ని కూడి, సాధారణ వర్షపాతంతో పోల్చి శాతం చెప్పినప్పుడు, జూలై చివరి వాన ఆ మొత్తాన్ని పైకి లాగేస్తుంది గనుక భూపాలపల్లి లాంటి జిల్లా పట్టికలో క్షేమంగానే కనబడుతుంది. సాధారణానికి 19 శాతం అటూ ఇటూ ఉంటే ‘సాధారణం’, అంతకు మించితే ‘అధికం’, తగ్గితే ‘లోటు’ అని వర్గీకరించే పద్ధతి దేశానికంతటికీ ఒకేలా అక్కరకొస్తుంది నిజమే, కానీ పంట నష్టాన్ని అంచనా వేసేటప్పుడు ఈ సీజన్ శాతాన్నే కొలబద్దగా పెట్టుకోవడం రైతుకు అన్యాయం చేస్తుంది. వానకూ వానకూ నడుమ ఎన్ని రోజుల ఎడం వచ్చిందో చెప్పే లెక్క దానికంటే న్యాయమైనది.

చిట్యాలకు వచ్చినలాంటి కుండపోత రోజు మహబూబాబాద్‌కు మరుసటి ఏడు వచ్చింది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఉత్తరాంధ్ర తీరం దాటిన వాయుగుండం, అంటే అల్పపీడనం కంటే బలమైన సుడి, లోపలికి వస్తూ ఆ జిల్లాలో పలు మండలాల మీద ఒక్క రోజులో 300 మిల్లీమీటర్లకు మించి కుమ్మరించింది. కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య రైలుకట్ట కొట్టుకుపోయి, పట్టాలు కింద ఆధారం లేకుండా గాలిలో వేలాడాయి, ఉత్తర, దక్షిణ భారతాలను కలిపే కాజీపేట–విజయవాడ మార్గంలో రైళ్లు కొన్ని రోజులు ఆగిపోయాయి. మరిపెడ మండలంలో ఆకేరు వాగు వంతెన మీదుగా పొంగి ప్రాణాలు తీసింది, ఒడ్డు తండాలను ముంచింది. ఆకేరు నీరు ఖమ్మం జిల్లా తీర్థాల దగ్గర మున్నేరులో కలుస్తుంది. ఆ మున్నేరు ఖమ్మం పట్టణపు కాలనీలను ఇంటి పైకప్పుల దాకా ముంచింది.

ఇలాంటి రోజులు పెరుగుతున్నాయా అన్న ప్రశ్నకు శాస్త్రం జవాబు చెబుతోంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల తేమ సుమారు ఏడు శాతం పెరుగుతుంది, కురిసేటప్పుడు ఆ ఎక్కువ తేమంతా ఒకేసారి దిగుతుంది. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 1950 నుంచి 2015 వరకు మధ్య భారతం మీద విస్తారంగా కురిసే అత్యంత భారీ వర్షాల సంఘటనలు మూడింతలయ్యాయి. అరేబియా సముద్రం నుంచి ఒక్కుమ్మడిగా దూసుకొచ్చే తేమ ప్రవాహాలను ఆ బృందం ఇందుకు ముఖ్య కారణంగా చూపింది. మొత్తం వాన పెద్దగా పెరగకుండా ఇలాంటి రోజులు పెరిగాయంటే, మధ్యలో వాన లేని రోజులు కూడా పెరిగినట్టే.

ఎడతెగని వాన నమ్మకంగా దొరకని ఈ సీమలో నీటిని పట్టి ఉంచే పని ఎనిమిది వందల ఏళ్ల కిందటే చెరువులకు అప్పగించారు. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువును కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించింది, ఆ చెరువు కట్ట మీది శాసనమే కాకతీయుల వంశక్రమాన్ని చరిత్రకారులకు అందించిన ముఖ్య ఆధారాల్లో ఒకటి. భూపాలపల్లి జిల్లా గణపురం చెరువు, పొరుగున ఉన్న పాకాల, రామప్ప, లక్నవరం కూడా ఆ కాలపు పనులే. వీటి గొప్పదనం ఒక్కొక్క చెరువు పరిమాణంలో కంటే వాటి అమరికలో ఎక్కువగా ఉంది. ఎగువ చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు వృథాగా పోకుండా కాలువ వెంట దిగువ చెరువుకు, అక్కడి నుంచి ఆ కింది చెరువుకు చేరేలా వాటిని గొలుసుకట్టుగా కట్టారు. నాలుగు రోజులు దంచి కొట్టి నెల రోజులు మానేసే వానకు ఇంతకంటే తగిన ఏర్పాటు ఆలోచించడం కష్టం. మత్తడి నీరు పోయే దారి ఇళ్ల స్థలాలుగా మారినచోట, వాగు ఒడ్డు మీదికి చేలు జరిగినచోట ఈ గొలుసు తెగిపోయింది, తెగిన చోటే వరద ఊరి మీద పడుతోంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ అనే ప్రభుత్వ పథకం చెరువుల పూడిక తీయించింది. గొలుసులోని కాలువలకూ అదే శ్రద్ధ దక్కవలసి ఉంది. వాన తక్కువైన జనగామకు ఈ చెరువులు చాలక, గోదావరి నీటిని దేవాదుల ఎత్తిపోతల ద్వారా వందకు పైగా కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తి తెచ్చి నింపుతున్నారు. అంటే భూపాలపల్లి, ములుగు అడవుల పక్కన పారే నది జనగామ వానలోటును పూడుస్తోంది.

అక్టోబరు నడిమికి నైరుతి గాలులు వెనుదిరుగుతాయి. ఆ తర్వాత తమిళనాడుకు ప్రధాన వానను తెచ్చే ఈశాన్య రుతుపవనాలు ఇక్కడ చివరి తడిగా మాత్రమే ఉంటాయి, ఆ తడి కూడా చాలావరకు తుపానుల చేతిలో ఉంటుంది. 2025 అక్టోబరు చివర ఆంధ్ర తీరం దాటిన మొంథా తుపాను ఉమ్మడి వరంగల్ జిల్లా అంతటా కుండపోత కురిపించి, మహబూబాబాద్ జిల్లా డోర్నకల్ రైల్వే స్టేషన్‌లో పట్టాల మీద నీరు నిలిపింది. ఆ రోజుల్లో పత్తి పగిలి ఏరుడుకు సిద్ధంగా ఉంటుంది, వరి కంకి బరువెక్కి ఉంటుంది, మిరప నారు నాటి ఎంతో కాలం కాదు. తడిసిన పత్తి నల్లబడితే బేరం సగానికి పడుతుంది, నేల వాలిన వరి మొలకెత్తితే కొనేవాడుండడు. కనుక అక్టోబరులో పడే వంద మిల్లీమీటర్లకూ జూలైలో పడే వంద మిల్లీమీటర్లకూ కొలత ఒకటే అయినా, రైతుకు అవి వేర్వేరు సంగతులు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం దాదాపు ఖాళీ. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో నేల వేడెక్కి, పైకెగసిన గాలి సముద్రపు తేమను కలుసుకున్న సాయంత్రాల్లో నిట్టనిలువుగా పెరిగే క్యుములోనింబస్ మేఘాలు ఉరుములు, పిడుగులు, ఈదురుగాలులు, రాళ్లవాన తెస్తాయి. వీటి వల్ల వానమాపకంలో పడే నీరు కొద్దే అయినా మామిడి పిందె రాలుతుంది, యాసంగి వడ్లు కల్లాల్లోనూ కొనుగోలు కేంద్రాల్లోనూ కుప్పలుగా ఉన్న వేళ పరదాలు కప్పే లోపే తడుస్తాయి.

ఈ నడకలో ముందుగా తెలుసుకోగలిగినదీ, చేయగలిగినదీ ఒకటుంది. మహబూబాబాద్ మండలాల్లో రాత్రి పడిన వాన ఆకేరు వెంట మున్నేరును చేరి ఖమ్మాన్ని ముంచడానికి కొన్ని గంటలు పడుతుంది, మోరంచవాగు ఎగువన పడిన వాన ఊరిని తాకడానికి కూడా కొంత వ్యవధి ఉంటుంది. ఎగువ మండలాల వాతావరణ కేంద్రాలు గంట గంటకూ అంకెలు పంపుతూనే ఉన్నాయి. ఎగువన గంటలో ఎన్ని మిల్లీమీటర్లు పడితే దిగువన ఏ వంతెన మూసేయాలో, ఏ తండాను ఖాళీ చేయించాలో వాగు వాగుకూ ముందే నిర్ణయించి, అర్ధరాత్రి ఆ హద్దు దాటగానే తహసీల్దారు నుంచి ఊరి కార్యదర్శి దాకా ఫోన్లు మోగే ఏర్పాటును మోరంచవాగు, జంపన్నవాగు, ఆకేరు, మున్నేరు ఒడ్లన్నిటా పెట్టడం జిల్లా యంత్రాంగాల చేతిలో ఉన్న పని.